టామ్ డూలీ పాట: ఇందులో గ్రేసన్ ఎవరు?

పల్లెపదం (రాజమండ్రి), శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. బుర్రకథలూ జముకుల కథలూ మనం ఇక్కడ చాలా చర్చించుకున్నాం. అమెరికా కంట్రీ పాటల్లో హత్యాగాథల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వారం రోజులుగా నన్ను ఒకటే పాట పట్టుకుంది. కింగ్‌స్టన్ ట్రయో అనే ముగ్గురు కుర్రాళ్ళ బృందం 1958లో పాడిన ‘టామ్ డూలీ’.

మూడు నిమిషాల పాట. తెల్లారితే ఉరి, ఇది ఆ ముందు రాత్రి. తల వంచుకుని ఏడువు, నీకు చావు తప్పదు అని పల్లవి. కొండమీద ఆమెను కలిశానని, కత్తితో పొడిచానని ఒక చరణం. గ్రేసన్ అడ్డు రాకపోతే ఈపాటికి టెన్నెసీ చేరేవాణ్ణని ఇంకోటి. రేపు ఈ వేళకి ఏ దిక్కులేని లోయలోనో తెల్ల ఓక్ చెట్టుకి వేలాడుతుంటానని మరోటి. అయిపోయింది.

ఎందుకు చంపాడు? ఆమె ఎవరు? ఒక్క ముక్క లేదు. పాటకి ముందు మాటల్లో చిన్న పరిచయం ఉంది. ముగ్గురి మధ్య ప్రేమకథ అంటూ గ్రేసన్‌నీ, ఒక అందమైన ఆడమనిషినీ, టామ్ డూలీనీ చెబుతారు. దాన్ని బట్టి గ్రేసన్ రెండో ప్రియుడని నేననుకున్నాను. కాదు, షెరీఫ్ అంటాడు మా అబ్బాయి. తెలిసినవాళ్ళు చెప్పండి.

షార్లెట్ శీను (నార్త్ కరోలినా), శుక్రవారం రాత్రి 11.15

పల్లెపదం గారూ, మీరనుకున్నదీ కాదు, మీ అబ్బాయి అన్నదీ కాదండి. నేను పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. కథ జరిగిన విల్క్స్ కౌంటీ మా ఇంటి నుంచి గంటన్నర దారి.

అసలు మనిషి పేరు టామ్ డూలా. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో, 42వ నార్త్ కరోలినా పటాలంలో పనిచేశాడు. పట్టుబడి పాయింట్ లుకౌట్ ఖైదీల శిబిరంలో ఉండి, 1865లో ఇల్లు చేరాడు. ఫిడేలు వాయించేవాడు. అక్కడ ఆన్ మెల్టన్ అనే పెళ్ళయినామెతో అతనికి యుద్ధానికి ముందు నుంచే సంబంధం ఉంది. ఆ ఆన్‌కి చుట్టం వరస అమ్మాయి లోరా ఫోస్టర్. టామ్ ఆమె ఇంటికీ వెళ్ళడం మొదలుపెట్టాడు.

1866 మే 25, శుక్రవారం. తెల్లవారుజామునే లోరా బట్టల మూట కట్టుకుని, తండ్రి గుర్రం బెల్ మీద బయల్దేరింది. దారిలో ఒక పొరుగామె పలకరిస్తే, టామ్‌ని కలవడానికి వెళ్తున్నానని చెప్పింది. ఆ తర్వాత ఆమె తిరిగి రాలేదు. గుర్రం మాత్రం తెగిన తాడుతో ఇల్లు చేరింది.

అనుమానం తనమీదికి రాగానే టామ్ సరిహద్దు దాటి టెన్నెసీ వెళ్ళాడు. హాల్ అని మారుపేరు చెప్పుకుని ఒకాయన పొలంలో కొద్దిరోజులు కూలి చేశాడు, కొత్త బూట్లు కొనుక్కోవడానికి. ఆ పొలం ఆసామే కల్నల్ జేమ్స్ గ్రేసన్. విల్క్స్ నుంచి మనుషులు వెతుక్కుంటూ వస్తే, వాళ్ళతోపాటు వెళ్ళి టామ్‌ని పట్టించాడు. అంతకుమించి ఆయనకి ఈ కథలో పాత్ర లేదు. ప్రియుడూ కాదు, షెరీఫూ కాదు.

ఇంకో మాట. డూలా డూలీ ఎలా అయ్యాడంటే, ఈ కొండల్లో పేరు చివర ‘ఆ’ ఉంటే ‘ఈ’ అని పలుకుతారు. నాష్‌విల్‌లో ‘ఆపెరా’ని ‘ఆప్రీ’ అన్నట్టు. మన పల్లెల్లో లక్ష్మి లచ్చి అయినట్టే అనుకోండి.

రెండుతీగలు (విశాఖపట్నం), శనివారం ఉదయం 7.05

నేను గిటార్ నేర్పుతాను. ఈ పాట కొత్తగా వచ్చిన పిల్లలకి రెండోవారమే నేర్పుతాను, ఎందుకంటే రెండే కార్డ్‌లు, అంటే గిటార్ మీద ఒకేసారి పలికించే స్వరాల గుంపులు. ‘ఈ’ మేజర్, ‘బి సెవెన్’. పాటంతా ఆ రెండే. ‘బి సెవెన్’ మీద పాట ఇంకా తెగనట్టు ఉంటుంది, ‘ఈ’కి వచ్చాకే కుదుటపడుతుంది. పల్లవికీ చరణానికీ ఒకటే వరస.

కథ చెప్పడంలో ఇది పెద్ద సంగతి. సినిమా పాటలో చరణానికి వరస మారుతుంది, మనసు ఎక్కడికో వెళ్తుంది, మళ్ళీ పల్లవికి దిగుతాం. ఇక్కడ ఎక్కడికీ వెళ్ళం. నాలుగు పాదాల్లో మొదటి రెండూ ‘ఈ’ మీద మొదలై ‘బి సెవెన్’లో ఆగుతాయి, తర్వాతి రెండూ ఆ ‘బి సెవెన్’ మీద నడిచి మళ్ళీ ‘ఈ’కి వస్తాయి. బండి చక్రం ఒక చుట్టు తిరిగి అక్కడికే వచ్చినట్టు. ఉరి తీసేచోటికి బండి మీద తీసుకెళ్తున్న మనిషి పాటకి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకోటి గమనించండి. పల్లవిలో ‘నువ్వు’ ఉంటుంది, చరణంలో ‘నేను’ ఉంటుంది. తల వంచుకో అంటున్నది ఊరు. పొడిచాను అంటున్నది అతను. మధ్యలో ‘అతను అన్నాడు’, ‘జనం అన్నారు’ అనే అతుకు ఎక్కడా లేదు. బుర్రకథలో కథకుడు ఆగి వంతలవైపు తిరిగి, ఎవరు మాట్లాడుతున్నారో చెబుతాడు. ఇక్కడ మనమే పట్టుకోవాలి.

ఓరుగల్లు రవి (వరంగల్), శనివారం ఉదయం 10.30

శీనన్నా, మంచిగ చెప్పినవ్. గని నాకొక డౌటు. ఆ ఆన్ మెల్టన్ సంగతేంది? పాటల ఆమె ముచ్చటే లేదు. నేను చదివిన కాడికి, చంపింది ఆమెనే అని ఆ ఊరోళ్ళల్ల చానమంది ఇప్పటికీ నమ్ముతరు. టామ్ ఆమెను కాపాడనీకి నేరం తన మీదేసుకున్నడంటరు. గదే నిజమైతే పాటల ‘నేను పొడిచిన’ అన్న చరణమే తప్పు కదా?

షార్లెట్ శీను, శనివారం మధ్యాహ్నం 1.20

రవి తమ్ముడూ, ఉరికి ముందు రాత్రి టామ్ ఒక కాగితం రాసిచ్చాడు. లోరా హత్యలో చేయి ఉన్నది తనకొక్కడికేనని అందులో ఉంది. ఆ కాగితం వల్లే ఆన్ నిర్దోషిగా బయటపడింది. ఉరికంబం దగ్గర మాత్రం, చెయ్యెత్తి చూపించి, ఈ చెయ్యి ఆ పిల్ల తలవెంట్రుకకైనా హాని చెయ్యలేదు అన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. రెండూ ఒకే మనిషి మాటలుగా నిలిచిపోయాయి.

ఆన్ కొన్నేళ్ళకే జబ్బుపడి చనిపోయింది. చివరి గంటల్లో మంచం చుట్టూ మంటలు కనబడుతున్నాయని అరిచిందని, గోడల మీద నల్లపిల్లులు పాకాయని, గదిలో మాంసం వేగుతున్న చప్పుడు వినిపించిందని కథలు. ఊరు తీర్పు చెప్పే పద్ధతి ఇది. కోర్టు వదిలేసినా ఊరు వదల్లేదు.

ఇంకో పాత్ర కూడా ఉంది, పౌలీన్ ఫోస్టర్. ఆమె కూడా చుట్టమే, మెల్టన్‌ల ఇంట్లో పనికి కుదిరింది. సుఖవ్యాధితో ఆ ఊరొచ్చింది, అది వీళ్ళందరికీ పాకింది. ఆ జబ్బు లోరా వల్లే వచ్చిందని టామ్ నమ్మి పగబట్టాడని ప్రాసిక్యూషన్ వాదన. శవాన్ని పాతిపెట్టిన చోటు దొరికింది కూడా పౌలీన్ నోరు విప్పాకే, దాదాపు మూడు నెలల తర్వాత. గొయ్యి పొట్టిది. కాళ్ళు మడిచి కూరారు. ఎడమ రొమ్ము దగ్గర కత్తిపోటు.

ఇదంతా పాటలో పెడితే పాట నిలుస్తుందా?

కోర్టుపక్షి (కర్నూలు), శనివారం సాయంత్రం 6.10

ముప్పై ఏళ్ళుగా క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసు చదివినప్పుడు నన్ను కదిలించిన సంగతి ఒకటుంది.

టామ్ తరఫున వాదించింది జెబ్యులన్ వాన్స్. యుద్ధకాలంలో ఆ రాష్ట్రానికి గవర్నరు. ఫీజు తీసుకోలేదంటారు. తన పాత సైనికుడు కాబట్టే వాదించాడని కథల్లో వస్తుంది గానీ వాన్స్ నడిపింది 26వ పటాలం, టామ్‌ది 42. విల్క్స్‌లో న్యాయమైన విచారణ సాగదని కేసును స్టేట్స్‌విల్‌కి మార్పించారు. 1866 అక్టోబరులో శిక్ష పడింది. అప్పీలులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారించమంది.

ఎందుకు కొట్టేసిందో చూడండి. శీను గారు పైన చెప్పారే, లోరా దారిలో పొరుగామెతో టామ్‌ని కలవడానికి వెళ్తున్నానంది అని. ఆ మాట వినికిడి సాక్ష్యం, దాన్ని జ్యూరీ ముందు పెట్టకూడదు అని. చట్టప్రకారం అది సరైన తీర్పే. నేను డిఫెన్సులో ఉంటే అదే వాదిస్తాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు లోరా తన నోటితో అన్నదిగా మనకి మిగిలింది ఆ మాటే. దాన్నే లెక్కలోంచి తీసెయ్యమన్నారు.

రెండో విచారణ 1868 జనవరిలో. మళ్ళీ శిక్ష. మే 1న స్టేట్స్‌విల్ రైల్వే డిపో దగ్గర ఉరి. కంబం కట్టి తీశారు, చుట్టూ జనం. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక పెద్ద వార్త వేసింది. పాటలో దిక్కులేని లోయ, ఓక్ చెట్టు. ఆ ఒంటరితనం పాట కల్పించుకున్నది.

భారతి టీచర్ (పెనమలూరు), శనివారం రాత్రి 8.45

మీరంతా రాసింది రెండుసార్లు చదివి, పాట వెతికి విన్నాను. కోర్టుపక్షి గారి మాట దగ్గర ఆగిపోయాను.

పాటలో టామ్ పేరుంది. గ్రేసన్ పేరుంది. టెన్నెసీ పేరుంది. చెట్టు ఏ జాతిదో కూడా ఉంది. చచ్చిపోయిన పిల్లకి మాత్రం పేరు లేదు. ‘ఆమె’ అంతే. పరిచయంలోనేమో ‘అందమైన ఆడమనిషి’. నాలుగు పేర్లకి చోటున్న పాటలో అయిదో పేరు పట్టలేదా?

మొదటి నుంచీ ఇలాగే పాడేవారా, మధ్యలో పోయిందా? శీను బాబూ, నీకు తెలిస్తే చెప్పు.

షార్లెట్ శీను, ఆదివారం ఉదయం 6.50

టీచర్ గారూ, మధ్యలోనే పోయిందండి.

ఈ పాటకి మొట్టమొదటి రికార్డు 1929లో వచ్చింది. పాడింది జి.బి. గ్రేసన్, గిటార్ హెన్రీ విట్టర్. జి.బి. గ్రేసన్ చూపు సరిగా లేని ఫిడేలు విద్వాంసుడు, టెన్నెసీ కొండల మనిషి. పైగా టామ్‌ని పట్టించిన ఆ జేమ్స్ గ్రేసన్ కుటుంబంవాడే. ఆయన పల్లవిలో ‘పాపం లోరీ ఫోస్టర్‌ని చంపావు, నీకు చావు తప్పదు’ అనే అర్థం వస్తుంది. అంటే ప్రతి చరణం తర్వాతా ఆమె పేరు పలకాల్సిందే. తర్వాత డాక్ వాట్సన్ అనే జానపద గాయకుడు కూడా పేరుతోనే పాడాడు. ఆయనది డీప్ గ్యాప్, ఇక్కడికి దగ్గరే. ఆన్ మెల్టన్ చావు కథ వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకున్నదే.

కింగ్‌స్టన్ ట్రయోకి చేరింది వేరే దారి. ఫ్రాంక్ ప్రాఫిట్ అని వటాగా కౌంటీ రైతు, వడ్రంగం కూడా వచ్చు, బాంజోలు సొంతంగా చెక్కేవాడు. వాళ్ళ నాన్న బాంజో మీద వాయించగా విన్న పాట ఇది. నానమ్మది విల్క్స్. 1938లో ఫ్రాంక్ వార్నర్ అనే సేకర్తకి పాడి వినిపించాడు. వార్నర్ నుంచి అలన్ లోమాక్స్ అనే ఇంకో సేకర్త పుస్తకంలోకి, 1947లో. అక్కడి నుంచి కాలిఫోర్నియా కుర్రాళ్ళ చేతికి. ఆ దారిలో వచ్చిన పాటలో పల్లవి ‘తల వంచుకో, ఏడువు’ దగ్గరే ఆగింది. లోరా లేదు.

1958 చివర్లో అది అమెరికాలో నంబర్ వన్. మరుసటి ఏడు మొట్టమొదటి గ్రామీల్లో కంట్రీ విభాగం బహుమతి దానికే వచ్చింది. జానపదానికి అప్పటికి వేరే విభాగం లేదు. రికార్డు మీద ప్రాఫిట్ పేరు లేదు. కొన్నేళ్ళ తర్వాత ఒప్పందం కుదిరి ఆయనకీ, వార్నర్‌కీ, లోమాక్స్‌కీ రాయల్టీలో వాటా వచ్చింది. ఆ ముగ్గురు కుర్రాళ్ళు టీవీలో పాట పాడటం చూసి ప్రాఫిట్ బయటికి వెళ్ళి, గట్టు మీద నిలబడి విల్క్స్ వైపు చూస్తూ ఏడ్చానని వార్నర్‌కి ఉత్తరం రాశాడు. డబ్బు గురించి కాదు ఆ ఏడుపు. తన ఊరి చావు, తన నాన్న పాట వేరేవాళ్ళ నోట్లో హుషారుగా పలికినందుకు.

ఓరుగల్లు రవి, ఆదివారం ఉదయం 11.00

టీచరమ్మా, మీ బాధ నాకు సమజైంది. గని ఒక మాట అంట, తప్పనుకోకుండ్రి. పేరు తీసినందుకే ఆ పాట లోకమంత తిరిగిందేమో. లోరీ ఫోస్టర్ అంటే విల్క్స్‌ల పాట. ‘ఆమె’ అంటే యాడిదైనా కావచ్చు. ఏ ఊరోడు విన్నా వాళ్ళ ఊరి ఆమె మతికొస్తది. పాట చెప్పనిది మనమే నింపుకుంటం, అందుకే అది మన లోపల్కి పోతది. పల్లెపదం అన్న వారం దినాలు ఆ పాట పట్టుకొని తిరిగింది గందుకే కదా, చెప్పలేదు గనుకే.

పల్లెపదం, ఆదివారం మధ్యాహ్నం 2.30

రవీ, నిజం చెప్పాలంటే నేను నింపుకున్నది ఆమెను కాదు. వారం రోజులు గ్రేసన్ ఎవరా అని ఆలోచించాను. టామ్ రాత్రి ఎలా గడిపాడా అని ఆలోచించాను. ఆమె ఎవరని మొదటి పోస్టులో ఒక్క ముక్క అడిగి వదిలేశాను. ఇక్కడ నేను పెట్టిన శీర్షిక చూడు, గ్రేసన్ పేరే. ఖాళీ వదిలితే వినేవాడు తనకి పేరు తెలిసినవాడి చుట్టూనే తిరుగుతాడు. భారతి గారు అడిగేదాకా నాకు ఆ ఖాళీ కనబడలేదు.

ఈ సంప్రదాయంలో అన్నీ ఇలా ఉండవు కూడా. అదే జి.బి. గ్రేసన్ 1927లో ‘ఓమీ వైజ్’ పాడాడు. అదీ నార్త్ కరోలినా కథే. నయోమీ వైజ్ అనే అమ్మాయిని 1800ల మొదట్లో డీప్ రివర్‌లో ముంచి చంపారు. అనుమానం ఆమె ప్రియుడు జొనాథన్ లూయిస్ మీద. హత్యానేరం అతని మీద రుజువు కాలేదు. కానీ పాట పేరే ఆమె పేరు. ఆమె కాళ్ళావేళ్ళా పడటం, అతను ఒప్పుకోకపోవడం, అంతా ఆమె వెంటే నడుస్తుంది. ఆ పాటా తరాలు తిరిగింది, పేరు పోగొట్టుకోకుండానే.

భారతి టీచర్, ఆదివారం సాయంత్రం 5.15

రవీ, తప్పుగా ఎందుకు అనుకుంటాను నాయనా. నువ్వన్నదాంట్లో నిజముంది. కానీ నా మనసులో ఉన్నదీ చెప్పనీ.

మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువుగట్టు మీద పేరంటాలమ్మ గుడి ఉంది. గుడి అంటే నాలుగడుగుల ఎత్తు, ముందు వేపచెట్టు. చిన్నవయసులో అకాలంగా పోయిన ఆడపిల్ల. ఆమె ఎలా పోయిందో ఎవరూ గట్టిగా చెప్పరు. పెళ్ళిళ్ళకి ముందు ఆడవాళ్ళు చీరా రవికా పసుపూ కుంకుమా పెట్టి, ఆమె పాట పాడతారు. పాటలో పుట్టినూరు, మెట్టినూరు, అన్నల పేర్లు, ఆమె కట్టుకున్న చీర రంగు, తెచ్చుకున్న బిందె, అన్నీ ఉంటాయి. మా అమ్మమ్మ ఆ చీర రంగు దగ్గర గొంతు తగ్గించి పాడేది. ఆమెను చూసినవాళ్ళు ఎవరూ లేరు, అయినా రంగు తెలుసు.

బట్టల మూట కట్టుకుని తెల్లారకుండా గుర్రమెక్కిన పిల్ల. ఆ మూటలో ఏ రంగు బట్టలున్నాయో పాడినవాళ్ళెవరికీ పట్టలేదే అని నా బాధ.

కోర్టుపక్షి, ఆదివారం రాత్రి 7.40

భారతి గారూ, మీ అమ్మమ్మగారి ఊరి పాటకి దణ్ణం పెడుతున్నాను. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. ఆ పాటలో అత్తింటివాళ్ళ పేర్లున్నాయా?

మా సీమలోనూ అలాంటి గుళ్ళు చూశాను, పాటలు విన్నాను. నేను విన్నవాటిలో చనిపోయినామె దేవత అవుతుంది, చీర పెడతారు. ఎవరివల్ల పోయిందో ఆ చరణం దగ్గర మాత్రం పాట పొగమంచులోకి వెళ్ళిపోతుంది. ‘గండం వచ్చింది’ అంటారు, ‘విధి’ అంటారు. టామ్ డూలీ పాట ఆడపిల్ల పేరు మింగింది. మన పాట చంపినవాడి పేరు మింగింది. ఎవరి బంధువులు ఊళ్ళో ఇంకా బతికున్నారో చూసుకునే పాట కట్టినట్టుంది రెండుచోట్లా.

భారతి టీచర్, ఆదివారం రాత్రి 8.20

లేవండి. అత్తగారి పేరు లేదు, మొగుడి పేరూ లేదు. యాభై ఏళ్ళుగా పాడుతున్నాను, ఇవాళే గమనించాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు మా పిన్నిని అడుగుతాను. ఆవిడకి ఎనభై దాటాయి, చెబితే ఆవిడే చెప్పాలి.

షార్లెట్ శీను, సోమవారం ఉదయం 7.10

నిన్న ఆదివారం కదా, మీ మాటలన్నీ చదివాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మా ఆవిడా నేనూ కారెక్కాం. విల్క్స్‌బరోలో టామ్‌ని ఉంచిన పాత జైలు ఇప్పుడు మ్యూజియం వాళ్ళ చేతుల్లో ఉంది. అది ఇదివరకు చూశాను. ఈసారి ఆగకుండా 268 రోడ్డు పట్టుకుని పడమరకి వెళ్ళాం. ఒక పక్క యాడ్కిన్ నది, ఒక పక్క పొలాలు. ఫెర్గసన్ దాటి కాల్డ్‌వెల్ కౌంటీలోకి వెళ్ళాక, రోడ్డుకి కొంచెం ఎడంగా గడ్డిమైదానంలో తెల్ల కంచె కనిపిస్తుంది. లోరా సమాధి అది. నాలుగు పక్కలా కంచె, లోపల రాయి. చుట్టూ వేరే సమాధుల్లేవు.

రోడ్డు పక్కన కారాపి చూస్తూ నిలబడ్డాం. పదిహేను నిమిషాల్లో ఎవరూ ఆగలేదు. మా ఆవిడకి ఈ కథ అప్పటిదాకా తెలియదు. చెప్పాను. అంతా విని, ‘గుర్రం ఒక్కటే ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఏం చేశాడు?’ అని అడిగింది. గుర్రం రాకముందే, ఆమె కనబడని ఆ ఉదయమే వెతకడానికి బయల్దేరాడు. అది సాక్ష్యంలో ఉంది. పాటలో లేదు.

రెండుతీగలు, సోమవారం సాయంత్రం 4.30

బుధవారం క్లాసులో ఈ పాటే చెప్పాలి. రాత్రి కూర్చుని 1929 రికార్డు పల్లవిని నేను నేర్పే వరస మీద పెట్టి చూశాను. ఎక్కడా ఇరుకు లేదు. ‘లోరీ ఫోస్టర్’ సరిగ్గా మూడో పాదంలో, ఇంకా ‘బి సెవెన్’ మీద ఉండగానే వస్తుంది. కుదుటపడకముందే పేరు పడుతుంది, పేరు పడ్డాకే ‘ఈ’కి చేరతాం. ఈసారి పిల్లలకి ఇలాగే నేర్పుతాను.

శీను గారూ, ఒక్క సందేహం. రాయి మీద లోరా అనే ఉంటుంది కదా. పిల్లలు పాడేటప్పుడు లోరా అనాలా, లోరీ అనాలా?

షార్లెట్ శీను, సోమవారం రాత్రి 9.05

లోరీ అనే పాడించండి. డూలాని డూలీ అన్న నోళ్ళే ఆమెను లోరీ అన్నాయి. వాళ్ళ నాన్న కూడా అలాగే పిలిచి ఉంటాడు.